కొత్త వెబ్‌సైటులో అఫిలియేట్ లింకులు ఎక్కడ, ఎలా పెట్టాలి?

అఫిలియేట్ లింకు అంటే, దాని ద్వారా పాఠకుడు వస్తువు కొంటే మీకు కమీషన్ వచ్చే లింకు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి తెలుగులో వెబ్‌సైటు మొదలుపెట్టినవారు పదేపదే అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "వ్యాసాలు రాశాం, అమెజాన్ అఫిలియేట్ ఖాతా తెరిచాం, లింకులు పెట్టాం. అయినా ఒక్క అమ్మకమూ లేదు. లింకులు ఇంకా పెంచాలా?" పెంచనక్కరలేదు. చాలా సైట్లలో లోపం లింకుల సంఖ్యలో ఉండదు, అవి ఉన్న చోటులో ఉంటుంది. ఫలానా వస్తువు తనకు సరిపోతుందని పాఠకుడు మనసులో తేల్చుకున్న చోటే లింకు ఉండాలి. అంతకంటే ముందు పెడితే చదువుకు అడ్డు తగులుతుంది, ఆ చోటు దాటాక పెడితే కంటబడదు. ఆ చోటును ఎలా గుర్తించాలో, అక్కడ లింకును ఎలా నిలపాలో, అది పనిచేస్తున్నదో లేదో ఎలా సరిచూసుకోవాలో కింద వరుసగా వివరిస్తున్నాను.

మాట గాలిలో పోకుండా ఒకే ఉదాహరణను చివరి వరకు వాడుకుందాం. నరసన్నపేట, టెక్కలి, చీపురుపల్లి వైపు వరి పండించే రైతుల కోసం మీరు "16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయర్ ఎలా ఎంచుకోవాలి" అనే వ్యాసం రాశారనుకోండి. మీ సైటు వంటింటి వస్తువుల మీదో, పోటీ పరీక్షల పుస్తకాల మీదో అయినా పద్ధతి మారదు.

ముందుగా కావలసినవి

• సొంతంగా రాసిన పూర్తి వ్యాసాలు కనీసం పది. ఇతర సైట్ల నుంచి తెచ్చి మాటలు మార్చినవి లెక్కలోకి రావు.
• సైటు గురించిన పేజీ, సంప్రదించే పేజీ, గోప్యతా విధానం పేజీ.
• మీ పేరు మీద పాన్ కార్డు, బ్యాంకు ఖాతా. రెండింటిలోనూ పేరు ఒకేలా ఉండాలి.
• గూగుల్ సెర్చ్ కన్సోల్, గూగుల్ అనలిటిక్స్. మొదటిది గూగుల్ వెతుకులాటలో మీ పేజీలు ఎలా కనిపిస్తున్నాయో, రెండోది సైటుకు వచ్చినవారు ఏమి చేస్తున్నారో చూపుతాయి. రెండూ ఉచితమే.
• ఏ పేజీలో ఏ లింకు పెట్టారో, ఏ తేదీన పెట్టారో రాసుకోవడానికి ఒక ఎక్సెల్ షీటు, లేదా ఒక నోటుపుస్తకం.
• తక్కువ ధర ఫోను ఒకటి. మీ పాఠకులు చూసేది అలాంటి ఫోనులోనే, కాబట్టి మీరూ అందులోనే చూడాలి.

హెచ్చరిక: వ్యాసాలు సిద్ధం కాకముందే ఖాతా తెరవకండి. అమెజాన్ అఫిలియేట్ కార్యక్రమమైన అసోసియేట్స్‌లో చేరిన నాటి నుంచి 180 రోజులలోపు కనీసం 3 అర్హమైన అమ్మకాలు జరగాలి, లేకపోతే దరఖాస్తును మూసివేస్తారు. మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు గానీ, పాత ఖాతా ట్యాగుతో (లింకులో ఉండే మీ ఖాతా గుర్తుతో) ఉన్న లింకులన్నీ ఒక్కొక్కటిగా మార్చుకోవలసి వస్తుంది. గూగుల్ ద్వారా రోజూ కొద్దిమందైనా రావడం మొదలయ్యాక చేరడం మేలు.

ఈ మూడు అమ్మకాల కోసం బంధువులకు, స్నేహితులకు లింకు పంపి కొనిపించాలనే ఆలోచన చాలామందికి వస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. మీ లింకు ద్వారా మీరు కొనకూడదు, మీ బంధుమిత్రులచేత కొనిపించకూడదు అని ఒప్పందంలో స్పష్టంగా ఉంది. అలాంటి కొనుగోళ్లు లెక్కకు రావు, పైగా ఖాతాకే ముప్పు.

1. వ్యాసాలను రెండు కుప్పలుగా విడదీయండి

సెర్చ్ కన్సోల్‌లో ఒక్కో పేజీకి ఏయే వెతుకులాట మాటల ద్వారా మనుషులు వస్తున్నారో కనిపిస్తుంది. "బ్యాటరీ స్ప్రేయర్ ధర", "ఏ స్ప్రేయర్ మంచిది" అని వెతికి వచ్చినవారు కొనడానికి సిద్ధపడుతున్నవారు. "వరిలో సుడిదోమ ఎలా గుర్తించాలి" అని వచ్చినవారు మడిలో పురుగు చూసి కంగారుపడుతున్నవారు. వారికి ముందు కావలసింది సమాధానం.

మొదటి కుప్పలోని వ్యాసాలలోనే అఫిలియేట్ లింకులు పెట్టండి. రెండో కుప్పలోని వ్యాసాలలో, మందు కొట్టే పద్ధతి ప్రస్తావన వచ్చిన చోట, మీ స్ప్రేయర్ వ్యాసానికి మామూలు అంతర్గత లింకు ఒకటి ఇస్తే చాలు. కొత్త సైటులో మూడు నాలుగు కొనుగోలు వ్యాసాలను శ్రద్ధగా తీర్చిదిద్దడం మొత్తం సైటు నిండా లింకులు చల్లడం కంటే ఎంతో మంచిది. సొంత సమాచారం ఏమీ లేకుండా అమ్మకందారు వివరణనే ఎత్తిపెట్టి లింకులు తగిలించిన పేజీలను గూగుల్ తన స్పామ్ విధానాలలో ప్రత్యేకంగా పేర్కొన్నది కూడా.

2. నిర్ణయం జరిగే చోటును కనిపెట్టండి

అన్ని అడుగులలోకీ ఇది ముఖ్యమైనది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. అమెజాన్ పద్ధతిలో పాఠకుడు మీ లింకు నొక్కిన తరువాత 24 గంటలలోపు జరిగే కొనుగోలుకే మీకు కమీషన్ వస్తుంది. ఆ గడువులో వస్తువును కార్టులో వేసుకుంటే మాత్రం, సాధారణంగా 90 రోజులలోపు కొన్నా లెక్కకు వస్తుంది. మన రైతు స్ప్రేయర్ కొనేముందు ఇంట్లో మాట్లాడతాడు, పక్క మడి వాళ్లని అడుగుతాడు, చేతిలో డబ్బు ఆడే రోజు కోసం చూస్తాడు. వ్యాసం మొదటి వాక్యంలోనే లింకు పెడితే ఆసక్తి కొద్దీ నొక్కి చూసి వెనక్కి వస్తాడు, మరునాటికి ఆ గడువు తీరిపోతుంది. అదే, సందేహాలన్నీ తీరాక నొక్కితే ఆ రోజే కొనే అవకాశం, కనీసం కార్టులో వేసుకునే అవకాశం ఎక్కువ.

ఆ చోటు తెలియాలంటే మీ వ్యాసాన్ని పేరా పేరాగా చదువుతూ, ప్రతి పేరా చివర పాఠకుడి మనసులో ఏ ప్రశ్న మిగిలి ఉంటుందో పక్కన రాయండి. స్ప్రేయర్ వ్యాసంలో ఆ వరుస సుమారుగా ఇలా ఉంటుంది. నిండుగా పోస్తే నీళ్ల బరువే పదహారు కిలోలు కదా, భుజాలు తట్టుకుంటాయా? 12 వోల్టుల, 8 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఒక పూట పనికి సరిపోతుందా? కరెంటు లేని రోజున చేత్తో కొట్టుకునే వీలుందా? నాజిల్, వాషర్లు పాడైతే ఎక్కడ దొరుకుతాయి? ఈ నాలుగింటికీ జవాబు ఇచ్చి, "రెండెకరాల లోపు మడి ఉండి, కరెంటు కోతలు ఎక్కువగా ఉండే ఊరిలో ఉన్నవారికి బ్యాటరీతోనూ చేత్తోనూ పనిచేసే రకం నయం" అని మీరు తేల్చి చెప్పిన పేరా ఒకటి ఉంటుంది. అది చదివాక పాఠకుడికి మిగిలే ప్రశ్న "ఎక్కడ దొరుకుతుంది?" అన్నది ఒక్కటే. ఆ పేరా కింద మొదటి లింకు పెట్టండి.

అలాంటి పేరా మీ వ్యాసంలో ఎక్కడా కనిపించకపోతే ఇబ్బంది లింకుతో కాదు, వ్యాసంతో. ముందుగా దాన్ని పూర్తి చేయండి.

రెండో లింకు పోలిక పట్టికలో, మూడోది చివరన బటన్ రూపంలో, మొత్తం వ్యాసం చదివి కిందకు వచ్చినవారి కోసం. పన్నెండు వందల మాటల వ్యాసానికి ఇవి మూడూ చాలని నా అభిప్రాయం. ఒకే వస్తువుకు ప్రతి పేరాలోనూ లింకు ఇస్తే చదివేవారికి అది సలహాలా కాక అమ్మకంలా తోస్తుంది.

3. లింకు మాటలను తెలిసేలా రాయండి

"ఇక్కడ నొక్కండి" అని రాయకండి. నొక్కితే ఏమి జరుగుతుందో ఆ మాటల్లోనే తెలియాలి. "ఈ స్ప్రేయర్ నేటి ధరను, మీ పిన్‌కోడుకు డెలివరీ ఉందో లేదో అమెజాన్‌లో చూడండి" అని రాస్తే అమెజాన్‌కు వెళ్తున్నామని పాఠకుడికి ముందే తెలుస్తుంది. లోపలి ఊళ్లకు కొన్ని పెద్ద వస్తువులు డెలివరీ కావు, కనుక పిన్‌కోడు మాట కలపడం మన ప్రాంతపు పాఠకులకు నిజంగా ఉపయోగం.

ధరను అంకెలలో రాయకండి. అమెజాన్ ధరలు గంటగంటకూ మారవచ్చు, చేత్తో రాసిన ధరను చూపడం వారి నిబంధనలకు విరుద్ధం కూడా. ధర స్థాయి చెప్పక తప్పకపోతే "చేతి పంపు రకం కంటే ఖరీదు ఎక్కువ" అన్నంత వరకు చెప్పి ఊరుకోండి.

4. కమీషన్ విషయం పైనే, తెలుగులోనే చెప్పండి

మొదటి లింకు కంటే ముందు, వ్యాసం పైభాగంలో, మిగతా అక్షరాలంత పరిమాణంలోనే ఈ మాట ఉండాలి: "ఈ వ్యాసంలోని కొన్ని లింకుల ద్వారా మీరు వస్తువు కొంటే మాకు కొంత కమీషన్ వస్తుంది. దానివల్ల మీరు చెల్లించే ధర పెరగదు." దీనితో పాటు అమెజాన్ తన సభ్యులందరినీ పెట్టమనే ప్రామాణిక ప్రకటన వాక్యాన్ని సైటులో ఉంచాలి.

ఇది మర్యాద కోసమే కాదు, చట్టం కోసం కూడా. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించే వాణిజ్య ప్రకటనలపై మార్గదర్శకాలు ఇచ్చింది. అమ్మేవారితో ఆర్థిక సంబంధం ఉండి వస్తువును సిఫారసు చేసేవారు ఆ సంబంధాన్ని వెల్లడించాలి. ప్రకటనలోని మాట ఏ భాషలో ఉంటే దానికి చేర్చే వివరణ కూడా ఆ భాషలోనే ఉండాలని అందులో ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించే అధికారం ఆ సంస్థకు ఉంది. పేజీ అడుగున చిన్న ఇంగ్లీషు అక్షరాలలో పెట్టిన కమీషన్ ప్రకటన తెలుగు పాఠకుడికి చెప్పినట్టు కాదు.

5. లింకుకు సరైన గుర్తు తగిలించండి

డబ్బు సంబంధం ఉన్న లింకుల కోడులో "స్పాన్సర్డ్" (rel="sponsored") అనే గుర్తు పెట్టమని గూగుల్ 2019 సెప్టెంబరు నుంచి చెబుతున్నది. పాతదైన "నోఫాలో" గుర్తు ఉన్నా అంగీకరిస్తుంది. వర్డ్‌ప్రెస్ వాడేవారు లింకు మీద నొక్కితే వచ్చే సెట్టింగులలో దీనికి వీలుందేమో చూడండి. లేకపోతే ఆ బ్లాకును హెచ్‌టీఎమ్ఎల్‌గా మార్చి చేత్తో చేర్చవచ్చు, లేదా లింకులను నిర్వహించే ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కు తగిలించే అదనపు సాఫ్ట్‌వేర్) వాడవచ్చు.

హెచ్చరిక: అలాంటి ప్లగిన్లలో అసలు చిరునామాను మరుగుపరచి మీ సైటు పేరుతో చిన్న లింకు చేసే సదుపాయం ఉంటుంది. కొన్ని ఇతర కంపెనీల కార్యక్రమాలు దానికి ఒప్పుకుంటాయి. అమెజాన్ లింకులకు మాత్రం దాన్ని వాడకండి, నొక్కితే అమెజాన్‌కు వెళ్తున్నామన్న సంగతి పాఠకుడికి స్పష్టంగా ఉండాలి. చిన్న లింకు కావాలంటే అమెజాన్ స్వయంగా తయారుచేసి ఇచ్చేదే తీసుకోండి.

6. చోటుకొక ట్రాకింగ్ ఐడీ పెట్టండి

ట్రాకింగ్ ఐడీ అంటే అమ్మకం ఏ లింకు నుంచి వచ్చిందో తెలిపేలా లింకులో చేరే గుర్తు, పైన చెప్పిన ట్యాగే. ఒకే ఖాతాలో అనేక ట్రాకింగ్ ఐడీలు చేసుకోవచ్చు. పేరా కింది లింకుకు ఒకటి, పట్టికకు ఒకటి, చివరి బటన్‌కు ఒకటి వాడండి. నెల తిరిగేసరికి ఏ చోటు నుంచి అమ్మకం వచ్చిందో నివేదికలో విడివిడిగా కనిపిస్తుంది. భారత ఖాతా ఐడీల చివర 21 అనే అంకె ఉంటుంది, సరిచూసుకునేటప్పుడు ఇది పనికివస్తుంది. ఏ ఐడీ దేనికో షీటులో రాసుకోవడం మరచిపోతే ఈ శ్రమంతా వృథా.

7. పట్టికను, బటన్‌ను ఫోనుకు తగినట్టు చేయండి

పట్టికలో మూడు నిలువు గళ్లకు మించకూడదు: రకం, ఎవరికి సరిపోతుంది, లింకు. ఐదారు గళ్లు పెడితే ఫోనులో పక్కకు జరపవలసి వస్తుంది, లింకు ఉన్న గడి తెర బయటే ఉండిపోతుంది. బటన్ బొటనవేలికి సులభంగా అందేంత పెద్దదిగా, చుట్టూ ఖాళీ స్థలంతో ఉండాలి. తెర మీదకు ఎగిరివచ్చే పెట్టెలలో లింకులు పెట్టకండి.

వస్తువు ఫొటోలను అమెజాన్ పేజీ నుంచి దింపుకొని మీ సైటులో ఎక్కించడం కూడదు. మీ దగ్గరో, తెలిసినవారి దగ్గరో ఉన్న స్ప్రేయర్‌ను మడి గట్టు మీద పెట్టి తీసిన ఫొటో వేయండి. భుజం పట్టీ కుట్టు, ట్యాంకు మూత కింది జల్లెడ దగ్గరగా కనిపించే ఫొటో కంపెనీ బొమ్మ కంటే ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

8. ప్రచురించిన వెంటనే సరిచూడండి

ఫోనులో, ఇన్‌కాగ్నిటో కిటికీలో, వైఫై ఆపి మొబైల్ డేటా మీద పేజీ తెరవండి. ప్రతి లింకునూ ఒక్కసారి నొక్కి ఈ నాలుగూ చూడండి:

• మీరు చెప్పిన వస్తువే తెరుచుకుంటున్నదా? రంగు, ట్యాంకు పరిమాణం మారిపోయిన పేజీకి పోతున్నదా?
• చిరునామా పట్టీలో మీ ఐడీ పూర్తిగా, 21తో ముగిసి, కనిపిస్తున్నదా? చిన్న లింకు అయినా తెరుచుకున్నాక పూర్తి చిరునామా కనబడాలి.
• వస్తువు స్టాకులో ఉందా? శ్రీకాకుళం పిన్‌కోడు ఒకటి, విజయనగరం పిన్‌కోడు ఒకటి ఇచ్చి డెలివరీ చూపుతుందేమో చూడండి.
• కమీషన్ ప్రకటన మొదటి లింకు కంటే పైనే ఉందా?

తరువాత మళ్లీ మళ్లీ నొక్కకండి. మీ నొక్కులే నివేదికలో చేరి లెక్కను పాడుచేస్తాయి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

అన్నింటికంటే తీవ్రమైనది ఆరోగ్యం పేరు చెప్పి అమ్మడం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఏళ్ల తరబడి మూత్రపిండాల వ్యాధి ఎన్నో కుటుంబాలను కుంగదీస్తున్నది, దానికి కారణం ఇదీ అని శాస్త్రీయంగా ఇంకా తేలలేదు. కవిటి, సోంపేట, పలాస ప్రాంతాల పాఠకుడికి "ఈ నీటి ఫిల్టరు పెట్టుకుంటే కిడ్నీ జబ్బు రాదు" అని రాసి కింద లింకు పెడితే ఆ మాటకు ఆధారం లేదు. భయంలో ఉన్న కుటుంబం అప్పు చేసి మరీ కొంటుంది. ఫిల్టరు ఎంత నీరు వృథా చేస్తుంది, ఎన్నాళ్లకు క్యాండిల్ మార్చాలి, సర్వీసు మనిషి ఎక్కడి నుంచి వస్తాడు అన్నవి రాయండి, జబ్బు జోలికి పోకండి. మందులు, పోషక పొడులు, పసిపిల్లల వస్తువుల విషయంలోనూ ఇదే జాగ్రత్త పాటించాలి.

రెండోది, లింకును వాట్సాప్ గ్రూపులలో, ఈమెయిల్‌లో, పీడీఎఫ్ పుస్తకాలలో పంచడం. అమెజాన్ లింకులు ఖాతాలో నమోదు చేసిన చోటనే ఉండాలి. గ్రూపులో పంచాలనుకుంటే మీ వ్యాసం లింకు పంచండి.

మూడోది, దగ్గరలో దొరికే వస్తువును కూడా ఆన్‌లైన్‌లోనే కొనమనడం. నాజిళ్లు, వాషర్ల వంటివి పట్టణంలోని పురుగుమందుల దుకాణాలలో అడిగితే ఆ రోజే దొరుకుతాయి. "ఇది మీ ఊరి దుకాణంలోనే కొనండి, పాడైతే బాగుచేయించుకోవడం తేలిక" అని ఒక చోట నిజాయతీగా రాసిన సైటును, ఇంకొక చోట "ఇది ఆన్‌లైన్‌లో నయం" అన్నప్పుడు పాఠకుడు నమ్ముతాడు. ఆ రెండు రూపాయల కమీషన్ పోయినా ఫరవాలేదు.

నాలుగోది, అదను తప్పడం. ఎమర్జెన్సీ లైట్లు, పవర్ బ్యాంకుల వ్యాసాన్ని తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున రాస్తే ప్రయోజనం లేదు. హుద్‌హుద్ 2014 అక్టోబరులో, తిత్లీ 2018 అక్టోబరులో మన తీరాన్ని దెబ్బతీశాయి. అలాంటి రోజులలో పార్శిళ్లు రావు, కరెంటూ ఉండదు. ఆ వ్యాసం జులై, ఆగస్టు నాటికే సిద్ధంగా ఉంటే గూగుల్‌లో నిలదొక్కుకోవడానికి, పాఠకుడు తీరిగ్గా తెప్పించుకోవడానికి సమయం ఉంటుంది. స్ప్రేయర్ వ్యాసమైతే నాట్లకు ముందే ఉండాలి.

ఫలితాలను ఎలా చదవాలి

గూగుల్ అనలిటిక్స్‌లో ఎన్‌హాన్స్‌డ్ మెజర్‌మెంట్ అనే సెట్టింగు పనిచేస్తుంటే, మీ సైటు నుంచి బయటికి పోయే నొక్కులు దానంతట అదే నమోదు చేస్తుంది. నెలకొకసారి చూడండి, రోజూ చూసి కంగారుపడకండి. ఒక పేజీని నెలలో 400 మంది చూసి 12 మంది లింకు నొక్కారనుకుందాం, అంటే 3 శాతం. ఇక్కడ పేజీకి వచ్చినవారు, నొక్కినవారు, కొన్నవారు అనే మూడు అంకెలను వేరువేరుగా చదవాలి.

చూసినవారు తక్కువైతే లింకుల జోలికి పోకండి, వ్యాసాల మీద పనిచేయండి. చూసినవారు చాలినంతమంది ఉండి నొక్కినవారు లేకపోతే చోటును గానీ లింకు మాటలను గానీ మార్చండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు, కాబట్టి ఒకటి మార్చి నెల రోజులు ఆగండి. నొక్కులు ఉండి అమ్మకం లేకపోతే ఆ వస్తువు స్టాకు, డెలివరీ, అక్కడి కొనుగోలుదారుల అభిప్రాయాలు చూడండి. మీరు సూచించిన వస్తువే బాగాలేకపోవచ్చు, అప్పుడు వస్తువును మార్చాలి. ఆర్డరు పడినా వస్తువు రవాణా అయ్యాకే ఆదాయం చూపుతుంది, వెనక్కి పంపితే తీసివేస్తుంది. డబ్బు సుమారు రెండు నెలల తరువాత చేతికి వస్తుంది.

అమెజాన్ వద్దనుకుంటే, లేదా ఖాతా నిలవకపోతే

మీ అంశానికి తగిన ఇతర కార్యక్రమాలు ఉన్నాయి. హోస్టింగ్ కంపెనీలు, ఆన్‌లైన్ కోర్సులు నడిపేవారు నేరుగా కమీషన్ ఇస్తారు. ఒక్కోదానికి గడువు, నిబంధనలు వేరు కనుక చేరేముందు చదవండి. మన జిల్లాలకే తగిన మార్గం మరొకటి ఉంది. పలాస జీడిపప్పు, పొందూరు ఖాదీ, బుడితి ఇత్తడి సామాను పార్శిల్‌లో పంపే వర్తకులతో మీరే నేరుగా మాట్లాడుకోవచ్చు. మీ పాఠకులకు ఒక కూపన్ కోడు ఇప్పించి, ఆ కోడుతో వచ్చిన ఆర్డర్ల మీద ఎంత కమీషన్, ఏ తేదీన చెల్లింపు, సరుకు బాగాలేకపోతే బాధ్యత ఎవరిది అన్నవి కాగితం మీద రాసుకోండి. సరుకును ముందు మీరు తెప్పించుకొని చూడకుండా పేజీలో పెట్టకండి. కమీషన్ ప్రకటన దీనికీ తప్పనిసరి.

ఏ మార్గమైనా మూడు నెలలకొకసారి షీటు తెరిచి ప్రతి లింకునూ మళ్లీ చూడాలి. స్టాకు లేని వస్తువుకు బదులు మరొకటి పెట్టేటప్పుడు లింకు ఒక్కటే మార్చి ఊరుకోకండి. పైన పేరాలో ట్యాంకు, బ్యాటరీ, బరువు గురించి రాసిన మాటలు కొత్త వస్తువుకు సరిపోతున్నాయో లేదో చదివి, సరిపోకపోతే పేరాను తిరగరాసి, వ్యాసం పైన సవరించిన తేదీ వేయండి.